ఆడిటర్ గారి బెంజి

కొత్తప్పుడు డెబ్బై లక్షల బండి. ఏడాదికి 15 శాతం చొప్పున, మిగిలిన విలువ మీద పదేళ్లు తరుగుదల తీస్తే పుస్తకాల్లో 13 లక్షల 78 వేలు నిలవాలి. నాకు దాన్ని ఎనిమిదిన్నర లక్షలకు ఇస్తామన్నారు. అంటే తాళం చెవి చేతికి రాకముందే అయిదు లక్షల పైచిలుకు లాభం. 2018లో ఈ లెక్క కాగితం మీద వేసి, మళ్లీ సరిచూసి, పక్కన ఆకుపచ్చ సిరాతో టిక్కు కూడా పెట్టాను.

ఆ 15 శాతం ఆదాయపు పన్ను చట్టం కార్లకు ఒప్పుకునే రేటు. పన్ను లెక్కకు పనికొచ్చే అంకె. దానికీ, బండి అడుగున ఉండే రబ్బరు ముక్కలకూ ఏ చుట్టరికమూ లేదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో ముప్పై ఏళ్ల నుంచి ఆడిటర్ బోర్డు కట్టుకుని కూర్చున్నవాణ్ణి. పుస్తకాల్లో విలువ చూసి పాత యంత్రాలు కొనకండయ్యా అని రైసుమిల్లుల వాళ్లకీ ట్రాన్స్‌పోర్టు వాళ్లకీ నోరు నొప్పి పుట్టేదాకా చెప్పినవాణ్ణి. అదే మాట నాకు నేను చెప్పుకోవలసిన రోజున నోరు పెగల్లేదు. మనసు పడ్డాక వేసే లెక్కకు జవాబు ముందే ఖాయమైపోయి ఉంటుంది.

మనసు పడటానికి ఉన్న కారణం చెప్పుకోవడానికి సిగ్గే. మా ఊళ్లో బెంజ్ సర్కిల్ అని పెద్ద కూడలి ఉంది. రోజూ దాని మీదుగా తెల్ల మారుతీలో ఇంటికి వెళ్లేవాణ్ణి. నా దగ్గర ఫైళ్లున్న వాళ్లు ఇన్నోవాల్లోనూ ఫార్చ్యూనర్లలోనూ వచ్చి, నా మారుతీ వెనక అడ్డంగా పెట్టి, పని అయ్యాక తీరిగ్గా తీసేవాళ్లు. అయినా అది బాధ అనిపించలేదు. కంకిపాడు దగ్గర ఓ పెళ్లిలో పార్కింగ్ కుర్రాడు నా ముందు వచ్చిన బండికి సెల్యూట్ కొట్టి గేటు పక్కన పెట్టించాడు. నన్ను చూసి, "బాబాయ్, నువ్వు వెనక పొలంలోకి పోనీ" అన్నాడు. ముందు బండిలో వచ్చిన ఆయన నష్టాల ఖాతా నా బీరువాలో ఉంది. ఆ రాత్రి భోజనం సహించలేదు. ఇప్పుడు తలుచుకుంటే కుర్రాడి తప్పేమీ లేదు. పొలంలో చోటుంది, నా బండి చిన్నది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీ బండ్లు మన వైపు దిగుతున్నాయి. దానికి కారణముంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. అక్కడి ఆసాములకు తొమ్మిదేళ్లు నిండగానే బండి గుదిబండ. ఎన్‌వోసీ తీసుకుని వేరే రాష్ట్రానికి పంపడం తప్ప అప్పట్లో దారి ఉండేది కాదు. కరోల్ బాగ్ దళారులు ఫోన్లలో ఫొటోలు పంపడం మొదలుపెట్టారు. నాకొచ్చిన ఫొటోలో ఉన్నది 2008 మోడల్ ఎస్ క్లాస్, ఎస్ 320 సీడీఐ. నలుపు రంగు. మూడు లీటర్ల వీ6 డీజిల్, 235 గుర్రాల శక్తి, అయిదు మీటర్లకు పైన పొడవు. తిరిగింది అరవై రెండు వేల కిలోమీటర్లే. ఆ చివరి అంకె నన్ను పడగొట్టింది. తక్కువ తిరిగిందంటే కొత్తదిలా ఉంటుందనే కదా ఎవరైనా అనుకునేది. రబ్బరుకి మీటరుతో పని లేదని, అది కూర్చున్నా వయసు మీదపడుతుందని నాకు చెప్పేవాళ్లు లేకపోయారు. ఉన్నా వినేవాణ్ణి కాదనుకోండి.

విమానం ఎక్కి వెళ్లాను. నేను వెళ్లేసరికి బండి స్టార్టయి ఉంది. ఇంజన్ వేడిగా ఉంది. ఏసీ వేసి, సీట్లు చల్లగా చేసి పెట్టారు. "ఆడిటర్ సాబ్ ఎండలో వచ్చారు కదా" అన్నాడు దళారి. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. నిలబెట్టి ఉంచిన బండిని చూపించకుండా నడుస్తున్న బండిని ఎందుకు చూపించాడో అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

బండి లారీ మీద విజయవాడ చేరింది. మొదటి దెబ్బ మెకానిక్ దగ్గర తగల్లేదు, రవాణా శాఖ ఆఫీసులో తగిలింది. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలంటే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది గాని, ఆ శాతం లెక్కేసేది నేను కొన్న ధర మీద కాదు, బండి కొత్తప్పటి ధర మీద. కౌంటర్లో ఉన్నాయన పాత ఇన్‌వాయిస్ చూసి, నన్ను చూసి, "మీరు ఆడిటర్ గారు కదూ" అన్నాడు. పన్నుల మీద బతికే మనిషి ఓ పన్ను మరిచిపోయి వచ్చాడని ఆయనకు అర్థమైంది. నాకు మాత్రం అసలు సంగతి అప్పటికీ తలకెక్కలేదు. ఈ బండి ధర పడిపోయిందని నమ్ముతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రభుత్వం నమ్మలేదు. విడిభాగాలు తయారుచేసేవాళ్లూ నమ్మలేదు. వాళ్లందరికీ అది ఇప్పటికీ డెబ్బై లక్షల బండే.

మొదటి నెలలు హాయిగా గడిచాయి, అబద్ధం చెప్పను. దుర్గమ్మ కొండ కింద పూజ చేయించాను. నిమ్మకాయలు తొక్కించాను. తలుపు దగ్గరగా తెస్తే చాలు, అదే మెల్లగా లాక్కుని మూసుకుంటుంది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ తలుపు చూపించాను. మా మేనమామ మాత్రం పాత అంబాసిడర్ అలవాటు కొద్దీ దడాలున వేసేవాడు. వేసిన ప్రతిసారీ నా గుండెలో గడియ పడినట్టుండేది. హైదరాబాద్ రోడ్డు మీద నందిగామ దాటాక ఆ బండి నడక గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. లోపల కూర్చున్నవాడికి రోడ్డున్నట్టే తెలియదు.

ఓ రోజు పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి, "అయ్యగారూ, బండి ఓ పక్కకి ఒరిగిపోయిందండి" అన్నాడు. వెళ్లి చూస్తే ముందు ఎడమ చక్రం సగం దాకా బాడీ లోపలికి దూరిపోయింది. టైరు పంచరేమోనని చూశాను, బాగానే ఉంది. స్టార్ట్ చేస్తే ఎక్కడో గుర్రుమని మోత వచ్చి మెల్లగా లేచింది. నవ్వుకుని ఆఫీసుకి వెళ్లిపోయాను. నా తెలివితక్కువతనంలో అతి ఖరీదైన భాగం ఆ నవ్వే.

ఈ బండికి ఉక్కు స్ప్రింగులు ఉండవు. నాలుగు చక్రాల దగ్గరా రబ్బరు గాలి తిత్తులుంటాయి. మన మెకానిక్కులు వాటిని బెలూన్లంటారు. వాటిలోకి గాలి కొట్టడానికి ముందు భాగంలో చిన్న కంప్రెసర్ ఉంటుంది. ఎత్తు తగ్గితే సెన్సర్లు చెబుతాయి, కంప్రెసర్ గాలి కొడుతుంది. పదేళ్లయ్యేసరికి ఆ రబ్బరు మడత పడేచోట సన్నగా చిట్లుతుంది. రాత్రంతా గాలి పోతుంది, పొద్దున కంప్రెసర్ ఎత్తుతుంది. అప్పుడప్పుడూ కాసేపు పనిచేయడానికి చేసిన కంప్రెసర్ అది. దాని చేత ఎడతెరిపి లేకుండా పని చేయిస్తే వేడెక్కి, లోపలి పిస్టన్ రింగు అరిగి, చివరికి కాలిపోతుంది. నా బండిలో అదే జరిగింది. బందరు రోడ్డు మీద, పట్టపగలు, మీటరు మీద 'స్టాప్, కార్ టూ లో' అని ఎర్రటి అక్షరాలు వెలిగాయి. నాలుగు చక్రాలూ లోపలికి పోయి బండి నేలకి కూర్చుంది. పక్కనుంచి వెళ్లే ఆటోవాడు వంగి చూసి, "లోడెక్కువైందా సార్?" అని అడిగాడు.

అధీకృత వర్క్‌షాపు వాళ్లిచ్చిన అంచనా కాగితం నాలుగు పేజీలుంది. ముందు బెలూన్లు రెండూ మార్చాలి, కంప్రెసర్ మార్చాలి, రిలే మార్చాలి. ఒక్కో బెలూన్ లక్ష దాటింది. పాత మారుతీ మొత్తం టైర్లతో సహా అంతకు వస్తుంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆటోనగర్ వెళ్లాను.

విజయవాడ ఆటోనగర్ అంటే సామాన్యం కాదు. లారీ ఛాసిస్ ఇస్తే బాడీ కట్టి, రంగేసి, కర్టెన్లు కుట్టి పంపే ఊరది. అక్కడి మేస్త్రుల చేతిలో పని ఉంది. నాకు దొరికిన మేస్త్రి నిజాయితీపరుడు. సబ్బు నీళ్లు చల్లి బెలూన్ దగ్గర బుడగలు చూపించి, "సార్, గాలి పోయేది ఇక్కడ. ముందు ఇది మార్చాలి, తర్వాతే కంప్రెసర్" అన్నాడు. నేనేం చేశానంటే, బెలూన్ లక్ష, కంప్రెసర్ డూప్లికేట్ దొరికితే ముప్పై వేలు కదా అని లెక్కేసి, "ముందు కంప్రెసర్ వేయి, బెలూన్ సంగతి మార్చి తర్వాత చూద్దాం" అన్నాను. మార్చి తర్వాత అంటే కొత్త ఆర్థిక సంవత్సరంలో అని. చిల్లుపడ్డ బెలూన్‌కి కొత్త కంప్రెసర్ తగిలించాను. అది కూడా అదే పనికి బలై, వేసవి దాటకుండానే కాలిపోయింది. తర్వాత బెలూనూ కొన్నాను, మళ్లీ కంప్రెసరూ కొన్నాను. రెండో కంప్రెసర్ బిల్లు చూసి మా ఆవిడ ఒకే మాట అంది. "ఏవండీ, కొన్నప్పుడు అయిదు లక్షలు లాభమన్నారుగా. దాంట్లోంచి తీసి కట్టండి."

ఆ తర్వాత ఆయిల్. కారు కింద గచ్చు మీద నల్లటి మరక. చుక్క చుక్కగా, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట నుంచి కారేది. అక్కడ కారితే ఎవరికైనా మొదట అనుమానం వచ్చేది క్రాంకు వెనకుండే సీలు మీద. నేను అప్పటికి ఆటోనగర్ మేస్త్రిని వదిలేసి 'బెంజి స్పెషలిస్టు' అని బోర్డున్న ఓ షెడ్డుకి మారాను. అతను చూడగానే తేల్చేశాడు: గేర్‌బాక్స్ దింపాలి. దింపాడు. సీలు మార్చాడు. ఎక్కించాడు. డబ్బులు కట్టాను. వారం తిరక్కుండా గచ్చు మీద మళ్లీ మరక. రెండోసారి దింపుతానన్నాడు. ఒప్పుకున్నాను! సీలు సరిగా కూర్చోలేదేమో అన్న అతని మాట నాకు సబబుగా తోచింది. ఒకసారి డబ్బు పెట్టినవాడికి, అసలు తప్పు చోట పెట్టానని ఒప్పుకోవడం కంటే మళ్లీ అక్కడే పెట్టడం తేలికగా ఉంటుంది. దివాలా తీసే కంపెనీల బ్యాలెన్స్ షీట్లు చూసి చూసి ఇది నాకు కంఠతా వచ్చు. షెడ్డులో నిలబడ్డప్పుడు మాత్రం రాలేదు.

చివరికి బండిని హైదరాబాద్ పంపాను, ఇంకో లారీ మీద. అక్కడ ఓ కుర్రాడు, మా అబ్బాయి వయసుంటుంది, సన్నటి కెమెరా తీగను ఇంజన్ పైనుంచి లోపలికి దించి తెర మీద చూపించాడు. వీ ఆకారంలో ఉన్న రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో ఆయిల్ మడుగు కట్టి ఉంది. "అంకుల్, ఈ ఇంజన్ కోడు ఓఎం 642. దీనికి ఆయిల్ కూలర్ ఇక్కడ పెడతారు, ఇంజన్ మధ్యలో. దాని కింద రెండు సీళ్లుంటాయి. వేడికి గట్టిపడిపోయి కారతాయి. ఆ ఆయిల్ లోయలో నిండి, వెనక్కి పారి, గేర్‌బాక్స్ దగ్గర కిందికి దిగుతుంది. చూసినవాళ్లు క్రాంకు సీలనుకుంటారు" అన్నాడు. ఈ ఇంజన్ తెలిసినవాళ్లందరికీ తెలిసిన జబ్బేనట. కంపెనీ తర్వాత తర్వాత ఆ సీళ్లను వేడికి తట్టుకునే వేరే రకం రబ్బరుతో చేసింది. పాతవి నారింజ రంగు, కొత్తవి ఊదా రంగు.

ఆ సీళ్లు నా అరచేతిలో పెట్టాడు. కొన్ని వందల రూపాయల వస్తువు. వాటి దగ్గరికి చెయ్యి వెళ్లాలంటే టర్బో విప్పాలి, గాలి గొట్టాలు విప్పాలి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి, ఇంజన్ పై భాగమంతా బల్ల మీద పరచాలి. విప్పినప్పుడు విరిగే ప్లాస్టిక్కులూ మార్చవలసిన గాస్కెట్లూ వేరే. వందల్లో వస్తువుకి బిల్లు లక్ష దాటడం ఎలా సాధ్యమో ఆ రోజు చూశాను. ఎవరూ మోసం చేయలేదు. ఆ పనికి నిజంగా అంత శ్రమ ఉంది. పాత ఖరీదైన బండిలో డబ్బంతా పాడైన వస్తువుకు కాదు, దాని దాకా వెళ్లే దారికి కట్టాలి. క్రాంకు సీలు కోసం నేను విజయవాడలో పోసిన డబ్బు మాత్రం శుద్ధ దండగ. ఆ పాత సీలు ఆఖరి రోజు దాకా బాగానే ఉంది.

ఇంజన్ విప్పి ఉన్నప్పుడే కుర్రాడు ఇంకో మాట చెప్పాడు. టర్బోకి గాలి వెళ్లే మూతి దగ్గర ఓ రబ్బరు సీలు ఉంటుంది. ఇంజన్ ఊపిరి గొట్టం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ చుక్కలై కారుతుంది. సరిగ్గా దాని కింద ఓ చిన్న మోటారు ఉంటుంది, లోపలికి వెళ్లే గాలిని సుడి తిప్పే రెక్కల్ని కదిపేది. చుక్క చుక్క దాని మీదే పడి అది చచ్చిపోతుంది. "అంకుల్, ఎలాగూ అంతా విప్పాం. ఆ సీలూ మోటారూ ఇప్పుడే మార్చేస్తే కూలి కలిసొస్తుంది" అన్నాడు. మోటారు పనిచేస్తోందిగా, పనిచేసేదాన్ని ఎందుకు మార్చాలి? వద్దన్నాను.

మరుసటి ఏడాది గుంటూరు వెళ్తుంటే వారధి దాటాక ఆ మోటారు ఆగిపోయింది. ఇంజన్ లైటు వెలిగి, బండికి పికప్ చచ్చిపోయింది. ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకుని, ఇంటికి చేరేంత మాత్రమే నడుస్తుంది. మెకానిక్కులు దాన్ని లింప్ మోడ్ అంటారు, కుంటుకుంటూ పోవడమన్నమాట. పక్కన మా క్లయింటు కూర్చుని ఉన్నాడు, పత్తి వ్యాపారి. ఆర్టీసీ బస్సు దాటింది. టాటా ఏస్ దాటింది. గడ్డి లోడు ట్రాక్టరు మా వెనక చేరి హారను కొట్టింది. అతను మర్యాద గల మనిషి, గుంటూరు దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఈసారి మళ్లీ అంతా విప్పించే ధైర్యం లేదు. ఊళ్లో ఒకతను చౌక మందు చెప్పాడు. ఆ మోటారు ప్లగ్గు పీకేసి, దాని స్థానంలో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడితే చాలు. కంప్యూటర్ మోటారు ఉందనే అనుకుంటుంది, లైటు ఆరిపోతుంది, పికప్ వచ్చేస్తుంది. ఖర్చు పది రూపాయలు. మా వృత్తిలో లెక్క కుదరని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో పడేసి పుస్తకం మూయడం లాంటిదే ఇది. ఎవరైనా క్లయింటు అలా చేస్తే నేను సంతకం పెట్టను. నా బండికి మాత్రం పెట్టించుకున్నాను. అది ఇప్పటికీ అలాగే ఉంది. ఇంతకాలంలో ఆ బండి మీద నేను తక్కువ ఖర్చుతో చేయించిన పని అదొక్కటే. అందుకు గర్వపడాలో సిగ్గుపడాలో తేల్చుకోలేదు.

మిగతావి చిల్లర జబ్బులు, వాటి గురించి పెద్దగా చెప్పను. పాటల పెట్టె, ఫోను, తెర అన్నీ ఒకే గాజు తీగ చుట్టులో ఉంటాయి, ఒకటి చస్తే అన్నీ మూగబోతాయి. సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టాల్లో వేపాకు అడ్డంపడి మొదటి వానకి వెనక సీటు తివాచీ తడిసింది. ఇంజన్ కింద మౌంటింగులు దిగిపోయి సిగ్నల్ దగ్గర స్టీరింగు వణికేది. గేర్‌బాక్స్ నూనె చూడటానికి కొలపుల్లే ఉండదు. రెండు బ్యాటరీలుంటాయి, రెండూ ఒకేసారి బాగుండవు.

పరువు కోసం కొన్నానని చెప్పాను కదా, ఆ పరువు సంగతి కూడా చెప్పాలి. నా దగ్గర పాతికేళ్లుగా ఉన్న ఓ కిరాణా హోల్‌సేల్ ఆయన ఆ ఏడాది ఫీజు బేరమాడాడు, మొదటిసారిగా. "ఆడిటర్ గారూ, మా డబ్బుతోనే కదండీ బెంజి" అన్నాడు నవ్వుతూ. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆ మాట పైకి అనకుండా వేరే ఆడిటర్ దగ్గరికి మారారు. మారుతీలో తిరిగినప్పుడు నేను నమ్మకస్తుణ్ణి. బెంజిలో తిరిగేసరికి నా పుస్తకాల మీద కూడా ఎవరికో అనుమానం వచ్చింది.

నిజంగా డబ్బున్న క్లయింటు ఒకాయన ఉన్నాడు, రొయ్యల ఎగుమతి. ఆయన కొత్త బెంజి కొంటాడు, వాడతాడు, మారుస్తాడు. ఓ సాయంత్రం నా బండి చుట్టూ తిరిగి, గాలి తిత్తుల కథంతా విని, "మేం వారంటీ అయ్యాక ఒక్క నెల కూడా ఉంచుకోమండీ. తర్వాత దాన్ని భరించడం మా వల్ల కాదు" అన్నాడు. కోట్ల టర్నోవరు ఉన్న మనిషి తన వల్ల కాదంటున్నాడు. జీతాల రిటర్నులు నింపే నేను దాన్ని భరించడానికి సిద్ధపడ్డాను. డెబ్బై లక్షల బండి ఎనిమిదిన్నర లక్షలకు దిగిందంటే ఎవరో నాకు తగ్గింపు ఇచ్చినట్టు కాదు. ముందు ముందు పెట్టబోయే రిపేర్లన్నీ మార్కెట్టు ఆ ధరలోంచి ముందే తీసేసింది. ఆ తీసేసిన డబ్బునే నేను లాభమనుకుని టిక్కు పెట్టాను.

బిల్లులన్నీ మొదట్లో ఇంట్లో తెలియకుండా ఆఫీసు బీరువాలో దాచేవాణ్ణి. 2023లో ఓ ఆదివారం కూర్చుని కూడాను. రిపేర్లు, లారీ కిరాయిలు, లైఫ్ ట్యాక్స్ కలిపి 11 లక్షల 40 వేలు. డీజిలూ ఇన్సూరెన్సూ ఇందులో లేవు. బండి కొన్న ధర కంటే ఎక్కువ. అదే ఏడాది రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నిండింది. రెన్యువల్ చేయించకపోతే రోడ్డెక్కకూడదు. కార్లకు ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాదు, 5,000 రూపాయలు. దానితో పాటు గ్రీన్ ట్యాక్సు, ఫిట్‌నెస్ పరీక్ష. అక్కడ ఆపేయొచ్చు. మా ఆవిడ ఆపేయమంది, మా అబ్బాయి ఆపేయమన్నాడు. పదకొండున్నర లక్షలు పోసినవాణ్ణి అయిదు వేలకు వెనకాడతానా అని రెన్యువల్ చేయించాను. ఈ వాక్యంలో తప్పేమిటో మా ఆఫీసులో ఆర్టికల్ చేసే పిల్లలు కూడా చెప్పగలరు.

బండిని నిందించను. దాన్ని కట్టినవాళ్లు దాని పని అది చేసేలాగే కట్టారు. గాలి తిత్తులు బాగున్నన్నాళ్లూ అలాంటి ప్రయాణం నాకు మరే బండీ ఇవ్వలేదు. ఇంజన్ ఇప్పటికీ గట్టిది, ఆయిల్ వేళకు మారిస్తే ఇంకా లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. చెడ్డదల్లా నా లెక్క.

ఢిల్లీ నుంచో బెంగళూరు నుంచో మీ ఫోనుకీ ఇలాంటి ఫొటో రావచ్చు. వస్తే ముందు కొత్త బండికి సర్వీసు చేసే చోటికి వెళ్లి విడిభాగాల ధరలడగండి. గాలి తిత్తులు, కంప్రెసర్, ఆయిల్ కూలర్ పని కూలి, ఈ మూడూ చాలు. వచ్చిన మొత్తాన్ని బండి ధరకు కలపండి. బండిని ముందు రోజు రాత్రి గచ్చు మీద ఆపించి, తాళం మీ దగ్గర పెట్టుకుని, పొద్దున్నే ఫెండరుకీ చక్రానికీ మధ్య వేళ్లు పెట్టి నాలుగు వైపులా కొలవండి. కింద గచ్చు మీద మరక ఉందేమో చూడండి. ఇంజన్ వేడిగా ఉంటే వెనక్కి వచ్చేయండి. మీటరు మీద అంకె తక్కువగా ఉందని సంబరపడకండి.

నా బండి కూడా అమ్మకానికి ఉంది. రిజిస్ట్రేషన్ 2028 దాకా చెల్లుతుంది. బిల్లుల ఫైలు మొత్తం చూపిస్తాను, రెసిస్టర్ ఎక్కడుందో కూడా చూపిస్తాను. ధర మీరే చెప్పండి. చూడాలనుకునేవాళ్లు ఉదయం ఆరు గంటల లోపు రండి, నేను స్టార్ట్ చేయకముందు.